ప్రింటు నల్లబడిందంటే ముందు తెరను అడగండి

ప్రింటుకు ఫైలు పంపే పద్ధతి గురించి పోయిన సంచికలో రాశాక వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే పాత రోజులు గుర్తుకొచ్చాయి. ఫోటో ల్యాబులో రంగులు సరిచేసే బల్ల దగ్గర 22 ఏళ్ళు పనిచేశాను. చేతిలో ప్రింటు పట్టుకుని, ముఖం చిన్నబోయి కౌంటరు దగ్గర నిలబడిన ఫోటోగ్రాఫర్లను ఎంతమందిని చూశానో లెక్కలేదు. వాళ్ళకు కెమెరా తెలుసు, లెన్సు తెలుసు, వెలుగు తెలుసు. ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర నిజమే చెబుతోందా అన్న అనుమానం మాత్రం వచ్చేది కాదు. అందుకే ఈసారి ఆ తెర గురించి వచ్చిన ఉత్తరాలనే ఏరి తీసుకున్నాను.

ప్రశ్న: అమ్మా, నేను పక్షుల ఫోటోలు తీస్తాను. ల్యాప్‌టాప్‌లో చూస్తే రెక్క కింద నీడలో ఉన్న ఈకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. అదే ఫోటో ప్రింటు తీయిస్తే ఆ చోటంతా నల్లటి ముద్దలా వస్తోంది. ల్యాబువాళ్ళను అడిగితే మీ ఫైలే అలా ఉందన్నారు. వేరే ల్యాబుకు వెళ్ళాను. అక్కడా అదే మాట. తప్పు ఎవరిది?

జవాబు: ఇక ల్యాబులు మార్చకండి. వాళ్ళు చెప్పింది నిజం. మీ ఫైలు చీకటిగానే ఉంది. మీ తెర అవసరానికి మించి వెలుగుతోంది కాబట్టి ఆ చీకటి మీకు కనిపించడం లేదు.

కాగితానికి సొంత వెలుగు ఉండదు. గదిలో తనమీద పడిన వెలుగునే మన కంటికి తిప్పి పంపుతుంది. తెర తనలో నుంచే వెలుగు పోస్తుంది. చూడగానే కంటిని ఆకట్టుకోవాలని తయారీదారులు మానిటర్‌ను బాగా ప్రకాశవంతంగా పెట్టి పంపుతారు. పెట్టెలోంచి తీసి వెలిగించగానే చదరపు మీటరుకు 250 నుంచి 350 కాండెలాలు ఇచ్చే మానిటర్లు చాలా ఉన్నాయి. కాండెలా అంటే వెలుగును కొలిచే ప్రమాణం. ఫోటోలు సరిచేసే గదిలో 80 నుంచి 120 సరిపోతుంది. ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణం తయారుచేసినవాళ్ళు లెక్కలోకి తీసుకున్న తెర వెలుగు 80 కాండెలాలే. దానికి మూడు నాలుగింతలు వెలిగే తెర మీద నీడలన్నీ విచ్చుకుని కనిపిస్తాయి. ఫోటో మరీ తెల్లగా ఉందనిపించి మీరే దాన్ని ఇంకాస్త తగ్గిస్తారు. ఫైలులో చీకటి చేరేది అక్కడే.

మీ తెర ఎంత వెలుగుతోందో కనుక్కోవడానికి మీ దగ్గర ఉన్న కెమెరా చాలు. ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. గదిలో దీపాలు ఆర్పేయండి. తెర నిండా ఖాళీ తెల్ల పేజీ తెరవండి. కెమెరాలో ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 4, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ సున్నా పెట్టండి. లెన్సు ఫోకస్ తప్పించి, ఫ్రేము మొత్తం తెల్లదనమే నిండేలా తెరకు దగ్గరగా పెట్టి, కెమెరా ఏ షట్టర్ వేగం చూపిస్తోందో చదవండి. సెకనులో 50వ వంతు చూపిస్తే ఆ 50ని రెట్టింపు చేయండి. మీ తెర సుమారు 100 కాండెలాలు ఇస్తోందన్నమాట. 60వ వంతు అయితే 120. 160వ వంతు చూపిస్తే 320, మీ ఈకలు నల్లబడటానికి కారణం దొరికినట్టే. కెమెరా మీటర్లన్నీ అచ్చంగా ఒకేలా లెక్కకట్టవు కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా 100కూ 300కూ మధ్య తేడాను తప్పకుండా పట్టిస్తుంది.

ఆ తరువాత బ్రైట్‌నెస్ తగ్గించండి. కాంట్రాస్ట్ జోలికి వెళ్ళకండి. పరిసరాల వెలుగును బట్టి తెర తనంతట తాను మారిపోయే సదుపాయాన్నీ, బ్యాటరీ ఆదా కోసం మసకబారే సదుపాయాన్నీ ఆపేయండి. ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి ఇంకో సంగతి. మూత ముందుకూ వెనక్కూ వంచి చూడండి. వంచినప్పుడల్లా నీడలు తెల్లబడుతూ నల్లబడుతూ ఉంటే, అది కోణాన్ని బట్టి మాట మార్చే రకం తెర. దాని ముందు ఎప్పుడూ ఒకే కోణంలో, సూటిగా కూర్చోవాలి. వీలైతే రంగుల పనికి, కోణం మారినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ రకం మానిటర్ వాడండి.

అన్నీ సరిచేశాక అదే పాత ఫైలు మళ్ళీ తెరవండి. తెర మీద కూడా ప్రింటులో ఉన్న నల్ల ముద్దే కనిపిస్తుంది. ఆ క్షణం కొంచెం బాధగానే ఉంటుంది. నా బల్ల ముందు కూర్చుని దీన్ని మొదటిసారి చూసినవాళ్ళు కాసేపు మాట్లాడేవారు కాదు. కానీ నీడలు ఎంత ఎత్తాలో ఇప్పుడు మీ కళ్ళకే తెలుస్తుంది, మళ్ళీ ప్రింటు తీయించి చూసుకోనక్కర్లేదు.

ప్రింటును ఏ వెలుగులో చూస్తున్నారన్నదీ ముఖ్యమే. ప్రింట్లు పరీక్షించే వెలుగుకు ఐఎస్ఓ 3664 అని ఒక ప్రమాణం ఉంది. రంగులను నిశితంగా పోల్చడానికి 2000 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత), మామూలుగా చూసి అంచనా వేయడానికి 500 లక్స్ ఉండాలంటుంది. రాత్రి దీపం వెలుగులో ప్రింటు పట్టుకుని చీకటిగా ఉందనడం కాగితానికి అన్యాయం. పగలు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట చూడండి.

ప్రశ్న: మేడమ్, తెర రంగులు సరిచేయడానికి పరికరం కొనమని కొందరు, కంటితో చూసి సరిచేసుకుంటే చాలని కొందరు చెబుతున్నారు. నా చూపు బాగుంటుంది. రంగుల్లో చిన్న తేడా ఉన్నా పట్టేస్తాను. నాకు పరికరం అవసరమా?

జవాబు: అవసరమే. మీ చూపు బాగుంటుందన్న మాట నమ్ముతున్నాను. ఇబ్బంది అక్కడే ఉంది.

ఎండలో నుంచి బల్బు వెలుగున్న గదిలోకి వస్తే చేతిలోని తెల్ల కాగితం మీద పడే వెలుగు బాగా పసుపెక్కుతుంది. అయినా కాగితం మనకు తెల్లగానే కనిపిస్తుంది. కన్నూ మెదడూ కలిసి చుట్టూ ఉన్న వెలుగునే తెలుపుగా తీసుకుని, మిగతా రంగులన్నీ దాన్నిబట్టి కొలుస్తాయి. బతకడానికి ఇది గొప్ప వరం. పండు పండిందో లేదో ఉదయమూ సాయంత్రమూ ఒకేలా గుర్తుపట్టగలుగుతున్నాం. కొలత పనికి మాత్రం ఇది చేటు చేస్తుంది. పక్కపక్కన పెట్టిన రెండు రంగుల మధ్య తేడాను కన్ను అద్భుతంగా పట్టుకుంటుంది. ఒంటరిగా ఉన్న ఒక తెలుపు ఎంత తెలుపో చెప్పమంటే చెప్పలేదు.

నేను దెబ్బతిని నేర్చుకున్న సంగతి ఇది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే బూడిద రంగు గుడ్డ ముందు తీసిన 140 ముఖాల ఫోటోలు నా చేతికి వచ్చాయి. కిటికీ పక్కన కూర్చుని రెండు రోజులు సరిచేశాను. ప్రింట్లు వచ్చాక పొడవాటి బల్ల మీద వరసగా పరిచాం. వెనక ఉన్న గుడ్డ కొన్నింటిలో నీలిగా, కొన్నింటిలో పసుపుగా ఉంది. ఫైళ్ళ మీద ఉన్న సమయాలు చూస్తే తెలిసింది. పగలు ఆకాశం వెలుగు గదిలో నిండినప్పుడు సరిచేసినవన్నీ నీలి వైపు, దీపాలు వేశాక సరిచేసినవన్నీ పసుపు వైపు వెళ్ళాయి. గదిలోని వెలుగుకు కన్ను అలవాటు పడింది, తెరను కూడా ఆ వెలుగులోకి లాగేశాను. రెండు రోజులూ నా కన్ను నాకు ఒక్క అనుమానం కూడా కలిగించలేదు. 140 ఫోటోలూ మొదటి నుంచి చేశాను. ఆ తరువాత కిటికీకి మందపాటి పరదా, గోడకు బూడిద రంగు, తల మీద ఎప్పుడూ మారని దీపం ఉంటేనే పని మొదలుపెట్టేదాన్ని.

ఇక పరికరం సంగతి. తెరకు ఆనించి రంగు కొలిచే చిన్న పరికరాన్ని కలరిమీటర్ అంటారు. లోపల రంగు ఫిల్టర్లు ఉంటాయి. వెలుగును వర్ణపటంగా విడదీసి కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ ఇంకో రకం. కాగితాన్ని కూడా కొలవాలంటే అది కావాలి. ఇంట్లో తెర ఒక్కటే సరిచేసుకునేవారికి కలరిమీటర్ చాలు. పాత కలరిమీటర్ ఎవరైనా ఇస్తే జాగ్రత్త. పాత రకాల్లో కొన్నింటి ఫిల్టర్లు ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. పైగా ఈనాటి ఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ తెరలు పాతవాటికి సరిగా అర్థం కావు. ఒక్కరే కొనుక్కోవడం భారమైతే నలుగురు మిత్రులు కలిసి కొనండి. నెలకు ఒక్కసారి, ఒక్కొక్కరికి అరగంట పని. అల్మారాలో ఊరికే పడి ఉండటం కన్నా చేతులు మారడమే దానికి మంచిది.

పని మొదలుపెట్టే ముందు తెరను కనీసం అరగంట వెలగనివ్వండి. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సదుపాయం ఆపండి. చాలామంది మరిచిపోయేది ఇదే. చూస్తున్న దృశ్యాన్ని బట్టి కాంట్రాస్ట్ మార్చే సదుపాయం ఉంటే అదీ ఆపాలి. సాఫ్ట్‌వేర్ లక్ష్యాలు అడుగుతుంది. వైట్ పాయింట్ (తెర చూపే తెలుపు ఛాయ) 6500 కెల్విన్, గామా (నలుపు నుంచి తెలుపు దాకా మధ్య ఛాయలు పెరిగే తీరు) 2.2, వెలుగు 100 లేదా 120 కాండెలాలు పెట్టండి. తెరను కొద్దిగా వెనక్కి వంచితే పరికరం చదునుగా ఆనుకుంటుంది, పక్క నుంచి గది వెలుగు దూరదు. డిస్‌ప్లేకాల్, దాని వెనక నడిచే ఆర్గిల్ సీఎంఎస్ రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే.

మానిటర్ మెనూలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా మార్చే వీలుంటే, వైట్ పాయింట్‌ను ముందు అక్కడే లక్ష్యానికి దగ్గరగా తీసుకురండి. ఎందుకంటే మామూలు గ్రాఫిక్స్ దారిలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. దిద్దుబాటు అంతా కంప్యూటర్ వైపు చేస్తే కొన్ని మెట్లు పోతాయి. ఆకాశం ఉన్న ఫోటోల్లో చారలు కనిపించేది అందుకే.

పరికరం తెరను కొలిచే ఆ అరగంటలో నిజానికి రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మొదటిది తెరను సరిదిద్దడం, అంటే క్యాలిబ్రేషన్. రెండోది, సరిదిద్దాక కూడా మిగిలిన లక్షణాలను ఒక ఫైలులో రాసిపెట్టడం. ఆ ఫైలే ప్రొఫైల్. 1993లో 8 కంపెనీలు కలిసి ఏర్పాటు చేసిన ఐసీసీ అనే సంస్థ దాని రూపాన్ని ఖరారు చేసింది. మీ తెర ప్రొఫైల్ మీ తెర ఒక్కదానికే పనికొస్తుంది. అదే మోడల్ కదా అని మిత్రుడి దగ్గర తెచ్చుకుని పెట్టుకోకండి. ఒకే మోడల్ తెరలు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే ఎందుకు వద్దంటున్నానో తెలుస్తుంది.

ప్రశ్న: క్యాలిబ్రేట్ చేశాను. తెర మొత్తం పసుపెక్కి, మసకబారి కనిపిస్తోంది. పాతదే బాగుంది. పరికరం పాడైందా?

జవాబు: పరికరం బాగానే ఉంది. ఇన్నాళ్ళూ మీరు నీలి తెలుపుకు అలవాటు పడ్డారు. చాలా తెరలు 6500 కన్నా చల్లటి, నీలి తెలుపుతో వస్తాయి. పాతదాన్ని మళ్ళీ మళ్ళీ వేసి పోల్చుకోవడం మానండి. అలా పోల్చినంతసేపూ పాతదే నచ్చుతుంది. రెండు రోజులు దీని ముందే పనిచేయండి. మూడో రోజు పాత అమరికకు వెళ్ళి చూస్తే అది నీలిగా కనిపిస్తుంది. ఒకవేళ మూడో రోజు కూడా ఆకుపచ్చ ఛాయో గులాబీ ఛాయో కనిపిస్తే అప్పుడు అనుమానించండి. పరికరం సాఫ్ట్‌వేర్‌లో మీ తెర రకం తప్పుగా ఎంచుకుని ఉంటారు. అది సరిచేసి మళ్ళీ కొలవండి.

ప్రశ్న: ఎక్కువ రంగులు చూపిస్తుందని కొత్త మానిటర్ కొన్నాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోటో సరిగా ఉంటుంది. అదే ఫోటోను మామూలు వ్యూయర్‌లో తెరిస్తే ముఖాలు ఎర్రగా మండిపోతున్నాయి. ఏది నిజం?

జవాబు: మానిటర్‌కు ప్రొఫైల్ చేసి ఉంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చూపించేదే నిజం.

ఎవరైనా మీకు 5 అని చెప్పి ఊరుకున్నారనుకోండి. గజాలా, మీటర్లా? తెలియకుండా గుడ్డ కత్తిరించలేరు. ఫోటో ఫైలులో ఉన్నవీ అలాంటి అంకెలే. ఎరుపు 255 అంటే ఏ ఎరుపు? 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన ఎస్‌ఆర్‌జీబీ ఒక కొలమానం. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీ ఇంకొకటి, ఆకుపచ్చలూ నీలి ఆకుపచ్చలూ దానిలో ఎక్కువ దూరం వెళ్తాయి. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫోటోతో వచ్చిన కొలమానం చదివి, మీ తెర ప్రొఫైల్ కూడా చదివి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చి చూపిస్తుంది. మీ వ్యూయర్ ఆ రెండూ చదవకుండా అంకెలను నేరుగా తెరకు పంపేస్తోంది. మీ తెర ఎరుపు ఎస్‌ఆర్‌జీబీ ఎరుపు కన్నా ఘాటైనది కాబట్టి ముఖాలు మండుతున్నాయి.

ప్రొఫైళ్ళు చదవగలిగే వ్యూయర్‌కు మారండి. మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ అనే అమరిక ఉంటే రంగుల పని లేని రోజుల్లో అది పెట్టుకోండి. ఇతరులకు పంపే ఫోటోలను ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ప్రొఫైల్‌ను ఫైలుతోనే జతచేసి పంపండి. అన్నిటికన్నా ముఖ్యం, వ్యూయర్‌లో ఎర్రగా కనిపించిందని ఫైలులో ఎరుపు తగ్గించకండి. ఆ ఫోటో మిగతావాళ్ళందరి తెరల మీదా పాలిపోతుంది.

ప్రశ్న: నా ఫోటోలు చూసేవాళ్ళెవరూ తెర క్యాలిబ్రేట్ చేసుకోరు. ఒక్కొక్కరి ఫోను ఒక్కో రంగు. మరి నేనొక్కణ్ణి శ్రమపడి ఏం లాభం?

జవాబు: వాళ్ళ తెరలు ఒకటి నీలి వైపు, ఒకటి పసుపు వైపు, ఒకటి వెలుగుగా, ఒకటి మసకగా ఉంటాయి. మీ ఫోటో నడిమధ్యన ఉంటే ఏ తెర మీదైనా ఆ తెర తప్పు ఒక్కటే కనిపిస్తుంది. మీ తెర ముందే నీలిగా ఉంటే, మీరు దానికి విరుగుడుగా ఫోటోను పసుపు చేసి ఉంటారు. పసుపు ఫోనులో చూసేవారికి అప్పుడు రెండు తప్పులు కలిసి కనిపిస్తాయి. పైగా ఎవరి ఫోను రంగు వాళ్ళ కంటికి అలవాటైపోయి ఉంటుంది. దానిలో రోజూ చూసే ఫోటోలన్నిటితో పోలిస్తే మీదొక్కటే వేరుగా ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

ప్రశ్న: అమ్మా, ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. నాకు ఎరుపూ ఆకుపచ్చా సరిగా వేరుగా కనిపించవు. నలుపు తెలుపు ఫోటోలే తీస్తూ వచ్చాను. రంగుల్లో తీయాలని ఉంది. తెర ఎంత బాగా క్యాలిబ్రేట్ చేసినా చూసే కన్నే ఇలా ఉంటే ఏం చేయాలి? మానుకోమంటారా?

జవాబు: రాసినందుకు ముందు కృతజ్ఞతలు. మానుకోవద్దు.

మీరు ఒంటరి కారు. ఉత్తర యూరప్ మూలాలున్న పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల చూపులో ఏదో ఒక లోపం ఉంటుంది. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కూ ఇదే ఉండేది. 1794లో తన చూపు గురించి తానే వివరంగా ప్రసంగించారు. కంటి లోపలి ద్రవం నీలి రంగులో ఉండటమే కారణమని ఆయన అనుకున్నారు. తాను పోయాక కళ్ళు తీసి పరీక్షించమన్నారు. 1844లో ఆయన చనిపోయాక చూస్తే ద్రవం స్వచ్ఛంగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటిలోంచి డీఎన్‌ఏ తీసి 1995లో పరీక్షిస్తే అసలు కారణం తేలింది. మధ్యస్థ తరంగదైర్ఘ్యాలను, అంటే ఆకుపచ్చ ప్రాంతపు వెలుగును, అందుకునే వర్ణకం ఆయన కంటిలో లేదు. తన కంటి లోపాన్ని దాచుకోకుండా పరిశోధనకు ఇచ్చిన మనిషి ఆయన. మీ ఉత్తరం చదువుతుంటే ఆయనే గుర్తుకొచ్చారు.

ఇక మీ పని. తెరను పరికరంతో సరిచేయడం మీకు అందరికన్నా సులభం. కొలిచేది పరికరం, దానికి మీ కంటితో పని లేదు. ఫోటోలో కూడా కన్నుకు బదులు అంకెలను ఆధారం చేసుకోండి. ఏ వెలుగులో తీసినా మొదటి ఫ్రేములో బూడిద రంగు కార్డు ఒకటి పెట్టి తీయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వైట్ బ్యాలెన్స్ పికర్‌తో ఆ కార్డు మీద నొక్కి, అదే అమరికను మిగతా ఫోటోలకు వర్తింపజేయండి. ఆ తరువాత కార్డు మీద కర్సర్ పెడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ సమానంగా, లేదా ఒకటి రెండు తేడాలో ఉండాలి. మనుషుల చర్మం మీద పెడితే, ఎవరి చర్మమైనా సరే, సాధారణంగా ఎరుపు అంకె పెద్దది, ఆకుపచ్చ దానికన్నా తక్కువ, నీలం అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. ఆకుపచ్చ అంకె ఎరుపును దాటిందంటే, మీకు కనిపించకపోయినా, ఆ ముఖం ఆకుపచ్చగా మారినట్టే. నాతో పనిచేసిన ఒక పెద్దాయన చూపు బాగున్నా ఈ అంకెలు చూడకుండా ఒక్క ముఖం కూడా ప్రింటుకు పంపేవారు కాదు. కంటికి అలసట ఉంటుంది, అంకెకు ఉండదనేవారు.

రంగును పెంచే మీటలు మాత్రం తక్కువగా వాడండి. మీకు చాలీచాలనట్టు కనిపించే ఎరుపు ఇతరులకు ఇప్పటికే ఘాటుగా ఉండవచ్చు. మొదటి పది ఫోటోలు రంగుల చూపు బాగున్నవారు ఎవరికైనా చూపించి, ఎక్కడ ఆగాలో గుర్తుపెట్టుకోండి. ఈ నెలలో కార్డుతో ఒక వరస తీసి, కార్డు మీద మీకు వచ్చిన మూడు అంకెలూ, ఒక ముఖం మీద వచ్చిన మూడు అంకెలూ రాసి పంపండి. వచ్చే సంచికలో మీ ఉత్తరంతోనే మొదలుపెడతాను.